ప్రేమ ముందా, విధేయత ముందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ముడి చుట్టూ తిరిగాయి: దేవుణ్ణి ప్రేమించడానికీ ఆయన మాట వినడానికీ ఉన్న సంబంధం ఏమిటని. వాటిలో ఆరు ప్రశ్నలు తీసుకున్నాం. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి, పేర్లు తీసేశాం.

ప్రశ్న: "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అని ప్రభువు అన్నాడు (యోహాను 14:15). నేను ఒకే పాపంలో మళ్లీ మళ్లీ పడుతున్నాను. అంటే ఆయన మీద నాకు ప్రేమ లేనట్టేనా? పడిన ప్రతిసారీ ఉపవాసాలు పెంచుకుంటున్నాను, అయినా మనసు కుదుటపడటం లేదు.

ఆ మాట ఎప్పుడు, ఎవరితో అన్నాడో ముందు చూడండి. అది కడరాత్రి భోజనపు బల్ల దగ్గర పలికిన మాట. వింటున్నవాళ్లు ఇంకొన్ని గంటల్లో ఆయన్ని విడిచి పారిపోబోతున్నారు. అంతకు కాస్త ముందే, 13వ అధ్యాయం చివరి వచనంలో, కోడి కూయకముందే నన్ను ఎరుగనని మూడుసార్లు అంటావని పేతురుకు చెప్పాడు. మన బైబిళ్లలో అక్కడ అధ్యాయం మారుతుంది కాబట్టి మనం ఆగిపోతాం. ఆయన ఆగలేదు. వెంటనే "మీ హృదయమును కలవరపడనియ్యకుడి" అన్నాడు. పడబోతున్నారని తెలిసే ఈ మాట చెప్పాడు కాబట్టి, ఒక్కసారి పడినా ప్రేమ అబద్ధమని తేల్చే పరీక్షగా దీన్ని చదవడం కుదరదు. పైగా 15వ వచనం దగ్గర మాట పూర్తి కాలేదు. 16వ వచనంలో తండ్రిని వేడుకొని ఆదరణకర్తను, అంటే పరిశుద్ధాత్మను, పంపిస్తానంటున్నాడు. ఆజ్ఞ, సహాయం ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఈ వరుస బైబిలంతటా ఉంది. సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞలు రావడానికి ముందే ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాటారు, సముద్రం దాటారు, మన్నా తిన్నారు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో మొదటి ఆజ్ఞ కంటే ముందున్న వాక్యం, దాసుల గృహంలోనుంచి నిన్ను రప్పించిన దేవుణ్ణి నేనే అనేది. "ఇవి పాటిస్తే విడిపిస్తాను" అని ఉంటే కథ వేరే ఉండేది. పన్ను వసూలుదారుడు జక్కయ్య విషయమూ అంతే. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని ప్రభువు అన్నది లూకా 19:5లో, ఆస్తిలో సగం బీదలకిస్తానని జక్కయ్య అన్నది 8వ వచనంలో. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను రాసింది ఈ వరుసనే (1 యోహాను 4:19).

ఇక మీ ఉపవాసాల సంగతి. పడిన తర్వాత ఉపవాసం పెంచడంలో ఒక చిక్కుంది. అది మెల్లగా జరిమానా కట్టడంలా తయారవుతుంది. జరిమానా కట్టినవాడికి లెక్క చెల్లిందన్న ధీమా వస్తుంది, లేదా ఎంత కట్టినా చాలలేదన్న భయం వస్తుంది. రెండిట్లో ఏది వచ్చినా పాపం మాత్రం చెక్కుచెదరదు. దాని బదులు ఇలా చేయండి. చేసినదాన్ని దాని పేరుతోనే దేవుని ముందు ఒప్పుకోండి. "నా బలహీనతలన్నీ క్షమించు" అని గంపగుత్తగా వద్దు. అబద్ధమైతే అబద్ధమనే, ఎవరితో చెప్పారో కూడా చెప్పండి. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 మాట అక్కడికక్కడే నమ్మండి. అవతలి మనిషికి నష్టం జరిగి ఉంటే సరిచేయండి. లేవీయకాండం 6వ అధ్యాయంలో ఇతరుల సొమ్ము అపహరించినవాడు అసలుకు అయిదో వంతు కలిపి సొత్తుదారుడికి ఇవ్వాలి. అదీ ఎప్పుడంటే, అపరాధ పరిహారార్థ బలి అర్పించే రోజునే. దేవుని దగ్గర క్షమాపణ అడుగుతూ మనిషి బాకీని వాయిదా వేయడానికి వీల్లేదన్నమాట.

చివరిగా, అదే పాపం ఏ వేళ, ఏ చోట, ఏ మనఃస్థితిలో పట్టుకుంటోందో కాగితం మీద రాసుకుని, నోరు జారని ఒక పెద్ద విశ్వాసికి చూపించండి. ఒంటరిగా చేసే తీర్మానాల్లో చాలావాటికి సాక్షి లేకపోవడమే లోపం. అది మీ చేతిలో లేని వ్యసనమైతే వైద్యుల సాయం కూడా తీసుకోండి, అందులో అవిశ్వాసమేమీ లేదు.

ప్రశ్న: ప్రార్థన, వాక్యం, ఆరాధన, దశమభాగం ఏదీ మానలేదు. కానీ లోపల ఏ స్పందనా లేదు. ప్రేమ లేకుండా చేసే విధేయత వేషధారణ కాదా? కొన్నాళ్లు అన్నీ ఆపేస్తే మంచిదా?

ఆపకండి. లేని భక్తిని ఉన్నట్టు మనుషులకు చూపించడం వేషధారణ. లోపల ఎండిపోయినా మాట తప్పకుండా నిలబడటం దానికి దాదాపు ఎదురు చివర ఉంటుంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు ఆ శ్రమల గిన్నె తొలగిపోవాలని అడిగాడు, ఆ తర్వాతే "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నాడు. ఆ రాత్రి ఆయన మనసు ఉల్లాసంగా లేదు, విధేయతలో మాత్రం లోటు లేదు.

16వ శతాబ్దంలో కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా ఆత్మీయ సాధన చేసేవారికి ఇచ్చిన నియమాల్లో ఒకటి మీకు నేరుగా వర్తిస్తుంది: మనసు ఎండిపోయిన కాలంలో ఏ మార్పూ చేయవద్దు, అంతకు ముందు వెలుగులో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయంలోనే నిలబడు. కారణం సులభమే. ఎండిపోయిన మనసు చెప్పే సలహా ఎప్పుడూ "మానెయ్" అనే ఉంటుంది.

అయితే మీ మనసు ఎండిపోవడానికి కారణం వెతకాలి. మొదట శరీరాన్ని చూడండి. ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రెండుసార్లు తిండీ నీళ్లూ పెట్టించాడు. నలభై రోజుల ప్రయాణం తర్వాత హోరేబులో గానీ "ఇక్కడ నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న రాలేదు. నిద్ర చాలనివాడు తనకు ప్రేమ చల్లారిందనుకోవడం మామూలే. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోతే, తిండి, నిద్ర దెబ్బతింటే, వైద్యుణ్ణి చూడండి.

తర్వాత సణుగుడును చూడండి. 6వ శతాబ్దపు మఠాధిపతి బెనెడిక్ట్ తన నియమావళి 5వ అధ్యాయంలో, చెప్పిన పని చేసినా లోపల సణుక్కునేవాడి విధేయత దేవునికి అంగీకారం కాదని రాశాడు. పొడిబారడం వేరు, సణుగుడు వేరు. తేడా పట్టుకోవడానికి లూకా 15లో, తప్పిపోయిన కుమారుడి కథలోని పెద్ద కొడుకు పనికొస్తాడు. "నీ ఆజ్ఞను నేనెన్నడును మీరలేదే" అన్నాడు, నిజమే కావచ్చు. కానీ తమ్ముడికి విందు చేస్తే ఇంట్లో అడుగుపెట్టలేదు, తనకు ఒక మేకపిల్ల రాలేదని లెక్క చెప్పాడు. నిన్నగాక మొన్న మారినవాణ్ణి సంఘం ఆదరిస్తే మీకు మంట పుడుతోందా? పుడుతుంటే మీది పొడిబారడం కాదు, కూలి లెక్క. దానికి మందు పని పెంచడం కాదు. "నావన్నియు నీవి" అని తండ్రి అతనితో అన్న మాట మీద కొన్నాళ్లు ఆగండి.

రెండూ కాకపోతే ఎఫెసు సంఘానికి వచ్చిన ఉత్తరం చదవండి (ప్రకటన 2:1-7). వాళ్ల కష్టం, సహనం, సిద్ధాంత శుద్ధి అన్నీ మెచ్చుకున్న తర్వాత, మొదటి ప్రేమను వదిలారని ప్రభువు తప్పు పట్టాడు. మందు మూడు మాటల్లో ఉంది: జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్యి. మొదటి అనుభూతి తెచ్చుకో అనలేదు, గమనించండి. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో మీరు ఏం చేసేవారు? ఎవరికోసం ప్రార్థించేవారు, ఎవరి గుమ్మం తట్టేవారు? వాటిలో ఇప్పుడు లేనిది ఒకటి తిరిగి మొదలుపెట్టండి. ఒకటి చాలు.

ప్రశ్న: "ప్రేమించు, తర్వాత నీ ఇష్టమొచ్చింది చెయ్యి" అని అగస్టీన్ అన్నాడట. అలాంటప్పుడు ఇన్ని ఆజ్ఞలు ఎందుకు?

అన్నాడు. ప్రాచీన సంఘపు బిషప్పు అయిన ఆయన యోహాను మొదటి పత్రిక మీద చేసిన ప్రసంగాల్లో ఏడోదానిలో ఉంది. కానీ అక్కడ ఆయన మాట్లాడుతున్నది కఠినంగా సరిదిద్దడం గురించి. తండ్రి కొడుకును కొడతాడు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు ముద్దుచేస్తాడు; పైకి కనిపించే పనిని బట్టి ప్రేమను కొలవలేమని చెప్పి, మౌనంగా ఉన్నా, కేకవేసినా, దిద్దినా, విడిచిపెట్టినా ప్రేమతో చెయ్యమన్నాడు. ఆజ్ఞలు అక్కర్లేదనే అర్థం ఆ ప్రసంగంలో లేదు. ఆయన ఆ వాదనను తనతో విభేదించిన క్రైస్తవులపై ప్రభుత్వ ఒత్తిడిని సమర్థించడానికీ వాడుకున్నాడు. మాట గొప్పదే, దాన్ని నడిపించిన దారి మాత్రం మనకు హెచ్చరిక.

"ప్రేమ ధర్మశాస్త్రము నెరవేర్చుటయే" అన్న పౌలు, అంతకు ముందు వచనంలోనే వ్యభిచారం, నరహత్య, దొంగతనం, ఆశ అని పేర్లు పెట్టి చెప్పాడు (రోమా 13:9-10). ప్రేమకు ఉద్దేశం ఉంటుంది, కానీ తనకు నచ్చినదాన్నే ప్రేమ అనుకునే గుణం మనిషికి ఉంది. ఆజ్ఞ ఆ మోసాన్ని పట్టిస్తుంది.

ప్రశ్న: నాకు ద్రోహం చేసిన బంధువు ఉన్నాడు. శత్రువును ప్రేమించమని ఆజ్ఞ. ఆజ్ఞాపిస్తే ప్రేమ పుడుతుందా? క్షమించానంటే మళ్లీ అతనితో కలిసి ఉండాలా?

మమకారం ఆజ్ఞాపిస్తే పుట్టదు. అందుకే బైబిలు ఈ ఆజ్ఞ ఇచ్చినచోటల్లా చేతులతో చేసే పని చెబుతుంది. నిర్గమకాండం 23:4-5లో శత్రువు ఎద్దు తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పగించాలి. నిన్ను పగబట్టినవాడి గాడిద బరువు కింద పడి ఉంటే అతనితో కలిసి విడిపించాలి. అతన్ని కౌగిలించుకొమ్మని లేదు. లూకా 6:27-28లో ప్రభువు ప్రేమించమని చెప్పి, వెంటనే మేలు చేయండి, దీవించండి, ప్రార్థించండి అని మూడు పనులు పెట్టాడు.

ఆచరణలో తేలికైన చివరిదాని నుంచి మొదలుపెట్టండి. అతని పేరు పెట్టి, అతనికి నిజంగా అవసరమైన ఒక మేలు అడగండి: ఆరోగ్యమో, పిల్లల చదువో. "ప్రభువా అతనికి బుద్ధి చెప్పు" అనేది ఈ లెక్కలోకి రాదు. దీవించడమంటే కనీసం, అతని గురించి నలుగురిలో మాట వచ్చినప్పుడు మీరు చెడు కలపకపోవడం. మేలు చేయడం, అవకాశం ఎదురైనప్పుడు. గాడిద పడి ఉంటేనే లేపాలి, వెతుక్కుంటూ పోనక్కర్లేదు. మనసు వీటి వెనకాల ఆలస్యంగా వస్తుంది. కొందరి విషయంలో చాలా ఆలస్యంగా వస్తుంది.

కోపాన్ని మింగేయడం ప్రేమ అనుకోవద్దు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న లేవీయకాండం 19:18కి ముందు వచనం, పొరుగువాణ్ణి తప్పక గద్దించమంటోంది. తప్పు తప్పని అతనితోనే చెప్పడం ఆ ఆజ్ఞలో భాగం.

కలిసి ఉండటం మరో ప్రశ్న. తనను చంపాలని వెంటాడుతున్న రాజు సౌలును దావీదు రెండుసార్లు చంపకుండా వదిలేశాడు. రెండోసారి సౌలు "నా కుమారుడా, తిరిగి రమ్ము" అని పిలిచాడు, ఇక కీడు చేయనన్నాడు (1 సమూయేలు 26:21). దావీదు అతని ఈటె తిరిగి ఇచ్చేశాడు, తను మాత్రం తన దారిన వెళ్లిపోయాడు. పగ తీర్చుకోలేదు, ఇంటికీ పోలేదు. కొట్టే మనిషి దగ్గరకు, డబ్బు కాజేసే మనిషి చేతుల్లోకి మళ్లీ వెళ్లమని క్షమాపణ అడగదు. క్షమించడం మీ ఒక్కరి చేతిలో ఉంది. నమ్మకం నిలబడాలంటే అవతలివాడి ప్రవర్తన మారి, ఆ మార్పు చాలాకాలం కనబడాలి.

ప్రశ్న: మా సంఘంలో పెద్దాయన "మీపైని నాయకులుగా ఉన్నవారికి లోబడియుండుడి" అన్న వచనం చూపించి, ఎవరిని పెళ్లి చేసుకోవాలో, ఎంత ఇవ్వాలో, ఎవరితో మాట్లాడకూడదో ఆయనే చెబుతున్నారు. కారణం అడిగితే దైవజనుణ్ణి ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడమే అంటున్నారు. ఎక్కడిదాకా లోబడాలి?

ఈ ప్రశ్న రకరకాల చేతివ్రాతల్లో వచ్చింది, అందుకే కాస్త విడమరచి చెబుతాం.

మీకు చూపించిన వచనం హెబ్రీ 13:17. దాన్ని చివరిదాకా చదవండి. ఆ నాయకులు లెక్క ఒప్పచెప్పవలసినవారని అందులోనే ఉంది. లెక్క చెప్పనని అనేవారికి ఆ వచనంలో సగమే కావాలి. అదే అధ్యాయం 7వ వచనంలో నాయకులంటే దేవుని వాక్యం బోధించినవారనీ, వారి ప్రవర్తన ఫలితం శ్రద్ధగా చూసి వారి విశ్వాసాన్ని అనుసరించమనీ ఉంది. అంటే లోబడేవాడికి చూసే కన్ను కూడా ఉండాలి. పేతురు కాపరులకు రాస్తూ, అప్పగింపబడినవారి మీద ప్రభువుల్లా ఉండక మందకు మాదిరిగా ఉండమన్నాడు (1 పేతురు 5:3). పౌలు తన బోధను లేఖనాలతో పోల్చి చూసిన బెరయ పట్టణంవారి మీద కోపగించుకున్న దాఖలా లేదు, లూకా వారిని ఘనులన్నాడు (అపొ. కార్యములు 17:11). పేతురు తప్పు చేసినప్పుడు పౌలు అందరి ఎదుటా ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11-14).

మీరు రాసిన మూడు విషయాలూ వాక్యంలోనే ఉన్నాయి. పెళ్లి: భర్త చనిపోయిన స్త్రీ తనకు ఇష్టమైనవాణ్ణి పెళ్లి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే చేసుకోవాలి అన్నాడు పౌలు (1 కొరింథీ 7:39). హద్దు గీశాడు, మనిషిని ఎంపిక చేయలేదు. కానుక: కొరింథువారిని అడిగేటప్పుడు ఆజ్ఞగా చెప్పడం లేదన్నాడు (2 కొరింథీ 8:8), బలవంతంగా వద్దు, హృదయంలో నిశ్చయించుకున్నంత ఇమ్మన్నాడు (9:7). ఆ సొమ్ము తీసుకెళ్లడానికి ఇతర సహోదరులను వెంట పెట్టాడు, ఎవరూ తప్పు మోపకుండా (8:18-21). అపొస్తలుడే ఒంటరిగా డబ్బు ముట్టుకోనప్పుడు మీ సంఘంలో లెక్క చూపించమనడం తిరుగుబాటు ఎలా అవుతుంది? మాట్లాడకూడని మనుషులు: దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు సాయం ఆపించినవారిని ప్రభువు మార్కు 7:9-13లో గట్టిగా మందలించాడు. భక్తి పేరుతో కన్నవాళ్ల నుంచి విడదీసే మాట ఎవరు చెప్పినా ఆ భాగం ముందు పెట్టండి.

ఇప్పుడు ఏం చేయాలి. వచ్చిన ఆదేశాన్ని కాగితం మీద రాసి, ఇది విశ్వాసులందరికీ వాక్యంలో ఉన్న ఆజ్ఞా, సంఘం నడవడానికి పెట్టుకున్న ఏర్పాటా, లేక ఒక మనిషి అభిప్రాయమా అని వేరుచేయండి. ఆరాధన వేళ, పరిచర్యలో వంతు లాంటి ఏర్పాట్లకు ఇష్టం లేకపోయినా సహకరించండి. ప్రతిదానికీ కొట్లాడేవాణ్ణి ఎవరూ వినరు. అభిప్రాయాన్ని గౌరవంగా విని, నిర్ణయం మీరే తీసుకోండి. వెంటనే జవాబు చెప్పకండి, కొన్ని రోజుల గడువు అడగండి. గడువు ఇవ్వకుండా బెదిరిస్తే ఆ బెదిరింపే మీకు జవాబు. ఒక్కరే వెళ్లకుండా మరొకరిని తీసుకెళ్లి మాట్లాడండి. "ఎవరితోనూ అనొద్దు" అన్న షరతుకు ఒప్పుకోకండి.

1 తిమోతి 5:19 చూపించి నోరు మూయిస్తారు: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద నేరారోపణ అంగీకరించకూడదని. ఆ నియమం న్యాయమే. కానీ తర్వాతి వచనం, పాపం చేసేవారిని అందరి ఎదుటా గద్దించమంటోంది. రెండూ కలిపి చదవమనండి. ఇక శారీరక హింస, లైంగిక వేధింపు, పిల్లల మీద అఘాయిత్యం అయితే సంఘ పెద్దల దగ్గర పంచాయితీ పెట్టి కూర్చోకండి, నేరుగా పోలీసులకు చెప్పండి. నేరాన్ని దాచడం ఏ ఆజ్ఞలోనూ లేదు.

ఒక్క మాట. అధికారం ఉన్నా ప్రేమను బట్టి వేడుకోవడమే మంచిదనుకున్నానని పౌలు ఫిలేమోనుకు రాశాడు (8, 9 వచనాలు). ఆ పత్రిక ఒక్క పుట ఉంటుంది. మీ పెద్దాయనతో కలిసి చదవగలిగితే చదవండి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఆరాధనకు వస్తున్నాడు గానీ మా భయంతోనే. ఇలాంటి విధేయతకు విలువ ఉందా?

కొంత ఉంది. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో ఇళ్లలో నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ప్రతి ఆజ్ఞ వివరణలోనూ దేవునికి భయపడటం, ఆయన్ని ప్రేమించడం పక్కపక్కనే ఉంటాయి. బెనెడిక్ట్ కూడా మొదట భయంతో పాటించినవి చివరికి క్రీస్తు ప్రేమతో, అలవాటుగా పాటించే స్థితి వస్తుందన్నాడు. భయం దగ్గరే ఆగిపోతే ప్రమాదం.

పిల్లవాడు ఈ ఆజ్ఞలేమిటని అడిగితే ఏం చెప్పాలో ద్వితీయోపదేశకాండం 6:20-21లో ఉంది. జవాబు "మనము ఐగుప్తులో ఫరోకు దాసులమైయుండగా" అని మొదలవుతుంది. నియమం గురించి అడిగితే విడుదల గురించి చెప్పమంటున్నాడు మోషే. మీ ఇంట్లో ఆ భాగం ఎప్పుడైనా చెప్పారా? లేక నియమాలే చెప్పారా?

ఇంటి నియమాన్నీ దేవుని ఆజ్ఞనూ కలిపేయకండి. జుట్టు ఎలా దువ్వుకోవాలన్నది మీ ఇష్టమైతే మీ ఇష్టమనే చెప్పండి. దాన్ని దేవుని నోట పెడితే, రేపు ఆ నియమం తప్పని తేలినరోజు దేవుణ్ణి కూడా దానితో పాటే వదిలేస్తాడు. మీరు అతని మీద అన్యాయంగా అరిచినప్పుడు అతన్ని క్షమాపణ అడగండి, పిల్లలకు కోపం రేపవద్దన్న ఎఫెసీ 6:4 తండ్రులకే రాశారు. సందేహాలు అడిగితే శిక్షించకండి. ఆదివారం రావాలన్న నియమం ఇంట్లో ఉన్నంతకాలం ఉంచవచ్చు, కానీ బాప్తిస్మం, సాక్ష్యం, ప్రభువు భోజనపు బల్లలో చేయి వేయడం మాత్రం అతనే అడిగేదాకా ఆగండి.